దమయంతి చదువుపై వారపు నివేదికలు

ఏప్రిల్ 24

ఉదయం ఏడున్నరకు మా బావ సింహాచలం తన కుమార్తెను, ఒక గుడ్డసంచీని, రెండు కొబ్బరికాయలను మా పలాస ఇంటి వరండాలో అప్పగించి, రసీదు కోరకుండా నిలబడ్డాడు. బాలిక పేరు దమయంతి. నా చెల్లెలు భారతికి ఏకైక సంతానం. వయస్సు తొమ్మిది. నాలుగో తరగతి పూర్తి. చదవడం రాదు. ఈ ఆఖరి వాక్యం నాది కాదు, బడి వారిది.

బావ ఊరున్న ఉద్దానం తోటల్లో జీడిపిక్కల ఏరుబడి సాగుతోంది. ఇంట్లో పిల్ల పక్కన కూర్చునే తీరిక ఎవరికీ లేదు. టెక్కలి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటునైన నేను రోజూ బస్సెక్కేది ఎనిమిదిన్నరకు. అంతకు ముందు ఒక గంట, సాయంత్రం ఒక గంట ప్రభుత్వానివి కావు. కనుక ఈ సెలవుల్లో దమయంతివి.

సింహాచలం వెళ్ళబోతూ — "నువ్వు రాసిన కాయితానికి ఆఫీసులే కదుల్తాయి గదా బావా. నా గుంట కదల్దేటి."

ప్రయత్నిస్తానన్నాను. మా కార్యాలయంలో ఈ మాటకు అర్థం లేదు. అతనికి ఆ సంగతి తెలియదు. సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 25

ప్రాథమిక విచారణ. తెలుగు వాచకం, మొదటి పాఠం, మొదటి వాక్యం. మొదటి అక్షరం చెప్పింది. రెండోది ఊహించింది. మూడోదాని దగ్గర ఆగి నా ముఖం వైపు చూసింది — జవాబు అక్కడ అచ్చయి ఉన్నట్టు. పావుగంటలో బాలిక మంచినీళ్ళ నిమిత్తం మూడు పర్యాయాలు, పెరటి నిమిత్తం రెండు పర్యాయాలు అనుమతి కోరింది. అన్నీ మంజూరయ్యాయి.

ఏడాది వాడిన పుస్తకాలు. అట్టలు నలగలేదు.

మాటలో లోపం లేదు. వంటింట్లో నా భార్య కామేశ్వరికి చెబుతోంది — ఊళ్ళో ఎవరి తోటలో ఏ వరుసలో ఏ కొబ్బరిచెట్టు తుఫానుకి పోయిందో, ఏది మిగిలిందో. ఎక్కడా తడుముకోలేదు. వింటూ వింటూ కామేశ్వరి పప్పు మాడ్చింది.

ఏప్రిల్ 27

వసంత టీచర్ వచ్చారు. చదువులో ఇటువంటి ఇబ్బంది ఉన్న పిల్లల కోసం మండలానికి నియమితులైన ప్రత్యేక ఉపాధ్యాయిని. ఎండలో స్కూటీ మీద ఊరూరా తిరుగుతారు. దమయంతి పేరు వైద్యపరీక్షకు పంపవలసిన పిల్లల జాబితాలో రాసింది ఆవిడే. అక్కడ నిర్ధారణ అయితే ధ్రువపత్రం ఇస్తారు. అది ఉంటే విడిగా బోధన, పరీక్షల్లో అదనపు సమయం, ప్రశ్నలు చదివి వినిపించే మనిషి. లేకపోతే అందరితోపాటు ఆఖరి వరుస. తండ్రి సంతకం ఇంకా రావాలి. బడి తెరిచిన వారంలో జాబితా జిల్లాకు వెళ్ళిపోతుంది.

"తెలివికేం తక్కువ లేదండీ. అక్షరం చూడగానే శబ్దం గుర్తుకు రావాలి కదా, ఆ దారి పడలేదు. మనమే వెయ్యాలి, మెల్లగా."

విధానం కూడా చెప్పారు. రోజుకు ఇరవై నిమిషాలు. పళ్ళెంలో ముగ్గుపిండి పరిచి, వేలితో ఒక్కొక్క అక్షరం రాయిస్తూ, రాస్తున్నంతసేపూ పలికించాలి. పాఠాలు వద్దు. తొందర వద్దు.

ముగ్గుపిండి... ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. సూచనను నమోదు చేసుకున్నాను. తగు సమయంలో పరిశీలించబడుతుంది. అంటే, పరిశీలించబడదు.

ఏప్రిల్ 30

నా విధానం. ముందు నేను పాఠం పైకి చదువుతాను — గొంతు సవరించుకుని, విరామాలు పాటిస్తూ. కార్యాలయంలో సర్క్యులర్లు చదివి వినిపించేది నేనే. ఈ విషయంలో నాకు కొంత పేరుంది. రెండుసార్లు చదువుతాను. తరువాత దమయంతి చదువుతుంది. తప్పు పోతే మళ్ళీ నేను.

ఈ రోజు నాలుగు వాక్యాలు. తప్పులు రెండు మాత్రమే.

మే 2

ఎనిమిది వాక్యాలు. తప్పు ఒకటి.

మే 4

మొదటి వారపు నివేదిక. భారతి ఫోనులో అడిగింది — "ఎలాగున్నాది అన్నియ్యా, ఏటైనా వత్తన్నాదా?" చెల్లెలు నవ్వి చాలా రోజులైంది. నవ్విద్దామని తెల్లకాగితం తీసి, మార్జిను గీసి, రాశాను:

"విషయం: చిరంజీవి దమయంతి వేసవి పఠనము — వారపు ప్రగతి — సమర్పణ గురించి. పై విషయమై తెలియజేయడమేమనగా, సదరు బాలిక ఈ వారమున ప్రతి దినము సకాలమునకు హాజరై, పాఠ్యాంశమును శ్రద్ధతో పఠించినది. ప్రగతి సంతృప్తికరము. మామిడిపండ్ల వినియోగము అంచనాలను మించినది."

కింద సంతకం, హోదా. ఫొటో తీసి పంపాను. భారతి నవ్వుతూ ఫోను చేసింది. వెనకనుంచి సింహాచలం గొంతు — ఏటున్నాది, ఏటున్నాది అందులో, అని.

మే 8

పాఠం మొత్తం. ఇరవై రెండు వాక్యాలు. తప్పు లేదు. వేలు వాక్యం కింద సాఫీగా నడిచింది.

ఫలితం కామేశ్వరికి ప్రకటించాను. ఆమె జీడిపండు కోస్తూ — "వారం రోజుల్లో అంతా వచ్చీసినాదా? అయితే బడిలోవాళ్ళు నాలుగేళ్ళు ఏటి సేసినారండీ."

ఈ ప్రశ్నను నేను పాఠశాలపై విమర్శగా స్వీకరించాను. పొరపాటు.

మే 11

రెండో నివేదిక. ప్రగతి సంతృప్తికరము. ఈసారి సంతకం పక్కన ఒక గుండ్రం గీసి, లోపల "ముద్ర" అని రాశాను. భారతి నవ్వింది. గుండ్రం బాగా కుదిరింది.

మే 13

ఉదయం. దమయంతి చదువుతోంది. ఎదురుగా నేను. పంకా గాలికి పేజీ లేచి అవతలికి పడింది. కొత్త పేజీలో బొమ్మ వేరు, అక్షరాలు వేరు, పాఠమే వేరు. దమయంతి ఆగలేదు. వేలు కొత్త వాక్యాల కింద అదే వేగంతో కదిలింది. నోటివెంట పాత పాఠం వస్తూనే ఉంది. విరామాల దగ్గర ఆగింది. ఆ విరామాలు నావి. దగ్గు కూడా నాదే — ఏడో వాక్యం తరువాత నేను దగ్గే చోట చిన్నగా గొంతు సవరించుకుంది.

పూర్తయ్యాక తలెత్తి చూసింది. చేయి చాచి పేజీ వెనక్కి తిప్పాను. దమయంతి ముఖం ముందు ఎర్రబడి, తరువాత పాలిపోయింది.

ఈ పూట మంచినీళ్ళకు అనుమతి అడగలేదు. అలాగే కూర్చుంది.

బస్సు తప్పింది.

మే 14

లెక్కవేస్తే — రోజుకు రెండేసిసార్లు విని ఇరవై రెండు వాక్యాలు, వరుస తప్పకుండా. మా సెక్షనులో ఎవరికీ సాధ్యం కాదు. ఈ శక్తి అంతా ఒకే పనికి ఖర్చవుతోంది... రాదన్న సంగతి దాచడానికి.

మే 15

సాయంత్రం పెరట్లో అడిగాను, విచారణ స్వరం లేకుండా. ఆ స్వరం మానడం నాకు కష్టమే. ఎప్పటి నుంచి, అన్నాను.

రెండో తరగతి నుంచట. బడిలో ఆఖరి వరుసలో కూర్చుంటుంది. ముందువాళ్ళు ఒక్కొక్కరూ చదువుతారు. తన వంతు వచ్చేసరికి పాఠం వచ్చేసి ఉంటుంది. ఎవరూ చదవని కొత్త పాఠం పరీక్షలో ఇచ్చినప్పుడే దొరికిపోతుంది. అప్పుడు బడిలో బద్ధకం అంటారు. అంటే అననీ. బద్ధకం నయమట.

ఎందుకు నయం, అన్నాను.

"బద్దకమైతే రేపు మానేత్తాను అనుకుంటారు మావా. రాదంటే ఇంకేటీ అనుకోరు."

లేచి నిలబడి — "అమ్మకి రాసీకు."

రాయనన్నాను. ఇది మౌఖిక హామీ. అయినా హామీయే.

మే 16

పళ్ళెం. ముగ్గుపిండి. కామేశ్వరి ఇచ్చింది, ఏ వ్యాఖ్యా లేకుండా.

మొదటి అక్షరం. దమయంతి చూపుడువేలు, పక్కన నా వేలు. నా అక్షరం వంకరపోయింది. దమయంతి నవ్వింది — వచ్చిన తరువాత ఇదే మొదటిసారి.

మే 18

నివేదిక రోజు. తెల్లకాగితం ముందు అరగంట కూర్చున్నాను. నిజం రాస్తే హామీ పోతుంది. రాయడం మానేస్తే భారతి అడుగుతుంది. వేడుకకు రాసేదే కదా, ఎవరికి నష్టం... "ప్రగతి సంతృప్తికరము." రాశాను. సంతకం. గుండ్రం.

కార్యాలయంలో ఈ మాట కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. కట్టని కల్వర్టుకు, తవ్వని చెరువుకు, రాని సిబ్బందికి. చెయ్యి దానంతట అదే రాస్తుంది. ఈ రోజు మాత్రం చెయ్యి నాదేనని తెలిసింది.

మే 21

ఆరు రోజులు, నాలుగు అక్షరాలు. నిన్న వచ్చిన అక్షరం ఈ ఉదయం హాజరు కాలేదు. సాయంత్రం వచ్చింది. కారణం అడగలేదు.

మే 23

వసంత టీచర్‌కు ఫోను చేసి, ముగ్గుపిండి గురించి చెప్పాను. ఎప్పుడు మొదలెట్టారు, అన్నారు. చెప్పాను. "ఫర్లేదండీ. ఇప్పటికైనా." నా స్థాయి ఉద్యోగికి ఇంతకన్నా మర్యాదైన ఛార్జిమెమో ఉండదు.

మే 25

నాలుగో నివేదిక. సంతృప్తికరము.

మే 26

గాలివాన. కరెంటు లేదు. పళ్ళెంలో పిండి చెదరకుండా దమయంతి రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంది. అక్షరం పక్కన అక్షరం రాసి, రెంటినీ కలిపి పలికింది. "జీడి." ఎవరూ ముందు చదివి వినిపించలేదు. మళ్ళీ పలికింది. తరువాత వెంటనే చెరిపేసింది — ఎక్కువసేపు ఉంచితే మారిపోతుందేమోనని.

రెండు అక్షరాలు. నెల రోజుల నా ఈ సర్వీసులో మొదటి వాస్తవ ప్రగతి. దీన్ని ఏ నివేదికలోనూ రాయడానికి లేదు. రాస్తే, ఇన్నాళ్ళూ రాసినదేమిటని అడుగుతారు.

మే 29

సింహాచలం వచ్చాడు. భుజం మీద పనసకాయ, చంకలో సంచీ. ముఖం వెలిగిపోతోంది. పనసకాయ దించకుండానే సంచీలోంచి నాలుగు అట్టలు తీసి నా ముందు పరిచాడు.

నా నివేదికలు. నాలుగూ. కాశీబుగ్గ జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించాడు. నా సంతకం, నా హోదా, నా గుండ్రం ప్లాస్టిక్ కింద మెరుస్తున్నాయి. మామిడిపండ్ల వాక్యం కూడా.

"షాపోడి సేత నాలుగుసార్లు సదివించినాను బావా. ఆడు సదివినంతసేపూ జనం నిలబడి ఇన్నారు. 'సంతృప్తికరం' అంటే ఏట్రా అని అడిగినాను. బాగున్నాదని అన్నాడు."

షాపువాడి చేత ఎందుకు, అన్నాను. భారతి చదివేది కదా.

"అది నవ్వుతాది, సదవదు సరిగ్గా." పనసకాయ దించాడు. "నాకు రాదు గదా బావా. నీకు తెల్దేటి?"

పదకొండేళ్ళుగా అతనికి బావని. నాకు తెలియదు. అతను సంతకం మాత్రం చేస్తాడు. ఫోనులో ఎప్పుడూ గొంతే పంపిస్తాడు. ఒక్కసారి కూడా రాసి పంపలేదు. రోజూ ఉత్తరాలు చదివే నేను ఈ సంగతి చదవలేదు.

తరువాత అసలు వార్త చెప్పాడు. ఊరి బడి హెడ్మాస్టరుగారి ఇంటికి వెళ్ళి నాలుగు అట్టలూ చూపించాడు. గవర్నమెంటు ఉద్యోగి రాసిన కాయితం, ఆయన ఎంతో సంతోషించారట. ఇంత బాగా చదువుతుంటే ఇక వైద్యపరీక్ష దేనికని, జాబితాలో దమయంతి పేరు కొట్టేస్తానన్నారట.

"నెత్తి మీద బరువు దించినావు బావా."

దమయంతి గుమ్మంలో ఉంది. తండ్రి ఒక అట్ట ఆమె చేతికిచ్చాడు. తన పేరును మాత్రం ఆమె గుర్తుపడుతుంది. దాని మీద వేలు పెట్టి, అట్ట అంచులు పట్టుకుని, లోపలికి తీసుకుపోయింది. నా వైపు చూడలేదు.

మే 30

వసంత టీచర్‌తో మాట్లాడాను. పేరు కొట్టేసిన మాట నిజమే. "మీ సంతకం, హోదా ఉన్నాయండీ. నేనేం చెప్పినా ఆయన ఆ అట్టలే చూపిస్తున్నారు."

వేడుకకు రాశాను, అన్నాను.

"అందులో వేడుక అని ఎక్కడా రాయలేదు కదండీ."

రాయలేదు. నాలుగుసార్లు చూసుకున్నాను. మామిడిపండ్లు తప్ప అనుమానించదగినదేమీ లేదు.

కావలసినవి రెండు. నివేదికలు తప్పని నా సంతకంతో లేఖ. దరఖాస్తు మీద తండ్రి సంతకం. బడి తెరిచేలోపు.

జూన్ 1

నివేదిక లేదు.

మధ్యాహ్నం సింహాచలం ఫోను — "ఈ వారం కాయితం రాలేదేటి బావా?"

జూన్ 3

సెలవు పెట్టాను. పొద్దుటి పాసింజరెక్కి సుమ్మాదేవి స్టేషనులో దిగి, అక్కడినుంచి ఆటో. సింహాచలం తోటలో ఉన్నాడు. ఏరుబడి అయిపోవచ్చింది, రాలిన జీడిపళ్ళు మగ్గి వాసన. చెట్టు కింద కూర్చుని అంతా చెప్పాను. పేజీ తిరగడం, పాత పాఠం, ముగ్గుపిండి. అతని ముఖంలో మొదట నవ్వు తగ్గింది, తరువాత మర్యాద తగ్గింది.

"అయితే నాకు అబద్దం రాసినావు."

అవునన్నాను.

"నాలుగుసార్లు."

అవునన్నాను.

దరఖాస్తు తీశాను. అతను ముట్టుకోలేదు. తన తండ్రి మాట ఎత్తాడు — మూడేళ్ళు డయాలసిస్‌కి తిరిగి తిరిగి చనిపోయిన మనిషి. ఈ ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఆసుపత్రి పుస్తకం లేని ఇల్లు వెతకాలి.

"మాయయ్యకి ముందు ఒక్క కాయితమే ఇచ్చినారు బావా. అందులో ఏదో అంకె. అప్పటికి ఆయన తోటకెల్తన్నాడు, కాయ దింపుతన్నాడు, తింటన్నాడు. అంకె సూసిన కాణ్నుంచి అందరూ ఆయన్ని ఏరేగా సూడ్డం మొదలెట్టినారు. మాకు కాయితం ముందొచ్చినాది. జబ్బు తరవాతొచ్చినాది."

ఇది జబ్బు కాదన్నాను. వసంత టీచర్ చెప్పినదంతా చెప్పాను. తెలివి తక్కువ కాదు, దారి పడలేదు, సాయం దొరుకుతుంది. బాగానే చెప్పాననుకున్నాను.

"జబ్బు కాపోతే కాయితం దేనికి?"

ఆ సాయం కాయితం లేకుండా దొరకదు కనుక. ఈ జవాబు నిజం. చెబుతుండగానే నాకు సిగ్గేసింది. ఆ నియమం తయారుచేసే వర్గానికి చెందినవాడిని.

"నాకూ రాదు. నాకేటైనాది? తోట సేసుకోనేదా, బతకనేదా?" లేచి, గంప ఎత్తుకున్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండా — "బ్యాంకులో ఏలిముద్రేసినట్టు సూత్తారు, నాను సంతకం పెట్టినా."

భారతి బస్సు దాకా వచ్చింది. ఒక్క మాటే అంది. పిల్ల విని అప్పచెబుతోందని, దానికి రెండో తరగతప్పుడే తనకు తెలుసట. చెప్పడానికి భయమేసి ఊరుకుందట.

ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎవరికీ తెలియజేయలేదు.

జూన్ 5

దమయంతికి చెప్పాను. ఆ కాగితాలు రద్దు చేయాలని.

"నాలుగూనా?"

నాలుగూ.

అట్ట తెచ్చి నా ముందు పెట్టింది. అంచు దగ్గర ప్లాస్టిక్ కొంచెం లేచింది. అది అరచేత్తో అదిమింది. "ఇందులో ఉన్నది అబద్దమేనా మావా?"

అబద్ధం నాది, నీది కాదన్నాను.

"పేరు నాదే గదా."

కామేశ్వరి లోపలినుంచి వచ్చి, పిల్లను లేవదీసుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. పోతూ నా వైపు చూసిన చూపును ఇక్కడ నమోదు చేయడం లేదు.

జూన్ 6

పళ్ళెం ముందుకు రానంది. బలవంతం చేయలేదు.

జూన్ 7

వచ్చింది. అడగలేదు, పిలవలేదు. కూర్చుని పిండి సర్దుకుంది.

జూన్ 8

రద్దు లేఖ. ఉదయంనుంచి ఆరు చిత్తు ప్రతులు. ప్రతిదానిలోనూ "పొరపాటు జరిగినది" అని వస్తోంది. "పరిశీలనాలోపము సంభవించినది." ఇరవై ఆరేళ్ళలో నా కలం కింద ఎవరూ ఏ తప్పూ చేయలేదు. తప్పులే వచ్చాయి, జరిగాయి, సంభవించాయి, వానలాగా.

ఏడో ప్రతి: "ఈ పిల్లకు చదవడం రాదని మే 13న నాకు తెలిసింది. ఆ తరువాత కూడా వస్తుందని రెండుసార్లు రాశాను. అంతకు ముందు రెండుసార్లు తెలుసుకోకుండా రాశాను. ఆమె మోసం చేయలేదు. ఆమెకు సాయం కావాలి." కింద సంతకం.

చదివితే కార్యాలయ లేఖలా లేదు. ఎవరూ స్వీకరించరేమో.

జూన్ 11

దమయంతిని ఊరికి తీసుకొచ్చాను. రేపు బడి. మొత్తం పదకొండు అక్షరాలు, వాటిలో తొమ్మిది నిలకడగా. సంచీలో పుస్తకాలతోపాటు ముగ్గుపిండి పొట్లం పెట్టింది కామేశ్వరి.

సింహాచలం నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం దగ్గరుండి వడ్డించాడు.

జూన్ 12

బడి. హెడ్మాస్టరుగారి గది. ఆయన, వసంత టీచర్, నేను. ఒక పక్క భారతి, పిల్ల. సింహాచలం కిటికీ దగ్గర నిలబడ్డాడు. రానన్నవాడు ఎందుకు వచ్చాడో అడగలేదు.

హెడ్మాస్టరుగారు మంచివారు. అట్టలు నాలుగు ఒక పక్క, నా లేఖ ఒక పక్క పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "సంతకం ఒకటే కదా సార్. దేన్ని నమ్మమంటారు?"

లేఖను, అన్నాను. రేపు ఇంకోటి రాస్తే, అన్నారు. ఎగతాళి కాదు, ఫైలు మనిషి అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఆయన స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. వసంత టీచర్ ఏదో చెప్పబోయారు. అంతలో దమయంతి తల్లి చెయ్యి వదిలి బల్ల దగ్గరకు వచ్చింది.

"నాకు సదవడం రాదు సార్. ఎవరైనా సదివితే ఇని సెప్తాను. రెండో తరగతి కాణ్నుంచీ అంతే."

నేల చూడలేదు. అప్పచెప్పినట్టు లేదు. ఎవరూ ముందు చదివి వినిపించిన వాక్యాలు కావవి.

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పిల్లని దగ్గరకు పిలిచి, తల మీద చెయ్యి వేసి, రిజిస్టరు తెరిచి, కొట్టేసిన పేరును కింద మళ్ళీ రాశారు. తండ్రి సంతకం అయితే రేపో ఎల్లుండో పంపిస్తానన్నారు. అందరం కిటికీ వైపు చూశాం.

కిటికీ దగ్గర ఎవరూ లేరు.

జూన్ 13

మధ్యాహ్నం. నా సెలవు ఇంకా ఉంది. సింహాచలం ఒక్కడే వచ్చాడు, పలాసకి. వరండాలో కూర్చున్నాడు. కామేశ్వరి ఇచ్చిన మజ్జిగ తాగాడు. దరఖాస్తు తెమ్మన్నాడు. తెచ్చాను.

"సదివి ఇనిపించు బావా. ఒక్క అచ్చరం కూడా ఒగ్గకు."

చదివాను. గొంతు సవరించుకోలేదు, స్వరం పెంచలేదు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు. నిర్దిష్ట అభ్యసన వైకల్యము నిమిత్తం వైద్యపరీక్షకు...

"ఆ మాట మళ్ళీ సదువు."

చదివాను.

"ఆకరిది."

"వైకల్యము," అన్నాను.

షాపువాడిని అడిగినట్టు నన్ను అర్థం అడగలేదు. పెన్ను అడిగి తీసుకున్నాడు. కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని, నేను చదివిన వాక్యం ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. దాని మీద వేలు పెట్టాడు.

"ఆ టీచరమ్మ సదువు సెప్తే దీనికి వచ్చీత్తాది గదా, ఒకనాటికి."

రావచ్చన్నాను. మెల్లగా వస్తుందన్నాను.

"అప్పుడు ఇదీ సదువుతాది. నాను సంతకం పెట్టిన కాయితం." వేలు తీయలేదు. "సదివి, నన్ను ఏటంటాది బావా?"

లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. కిటికీలోంచి అతని వీపు కనిపిస్తోంది. దరఖాస్తు అందజేయవలసిన మండల కార్యాలయం ఐదింటి వరకే. ఇప్పుడు మూడు దాటింది. పెన్ను మూత తీశాడు... మళ్ళీ పెట్టాడు.